ఎవరూ చేయని నలభై ఒక్క ఫిర్యాదులు

యంత్రానికి అబద్ధమాడే అలవాటు లేదని అటార్నీ రేముండో వెలాయో గారు సెలవిచ్చారు. అందువల్ల, ఆయన తర్కం ప్రకారం, ఆ గదిలో అబద్ధమాడగల ప్రాణి ఒక్కతే మిగిలింది. ఆమె పేరు నోరీన్ పలోమారెస్. మా దీవి విద్యుత్ సహకార సంఘంలో పదకొండేళ్ళుగా కంట్రోల్ రూమ్ ఆపరేటర్. శనివారం ఉదయం నుంచి సస్పెండైన ఆపరేటర్. ఈ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు పాలకమండలి సమావేశమై ఆమెను ఉద్యోగం నుంచి తొలగించి, ఒక మనిషి చావుకు కారకురాలిగా పోలీసులకు అప్పగించాలని తీర్మానం చేయబోతోంది. తీర్మానపు ప్రతి అప్పటికే టైపై, సంతకాల కోసం ఓపికగా వేచి ఉంది.

చనిపోయినవాడు తెయోదులో మగ్‌బనువా, సీనియర్ లైన్‌మన్. దీవి మొత్తానికీ నోంగ్ దులో, అంటే దులో అన్న. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం బలాబాగ్ గ్రామంలో స్తంభమెక్కి, చచ్చిపడి ఉందని యంత్రం ప్రకటించిన తీగను పట్టుకున్నాడు. తీగ సజీవంగా ఉంది.

నోరీన్‌కు ఎదురుగా కూర్చున్నది సెవెరినా గపాసిన్. పోలీసు శాఖలో ముప్పై ఏళ్ళు నేరపరిశోధన చేసి, రిటైరై, పందుల పెంపకమనే ప్రశాంతతర వృత్తిలో స్థిరపడిన ఆమెను పాలకమండలి బతిమాలి పిలిపించింది. ఆమె ఏదో ఒకటి కనుక్కోవాలని కాదు, విచారణ జరిగిందనిపించుకోవాలని. ఈ సూక్ష్మం ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు.

"తీగ చచ్చింది, ఎక్కొచ్చని లైన్ క్లియర్ ఇచ్చావా, లేదా?" అంది సెవెరినా.

"ఇవ్వలేదు మేడమ్. ఆగమన్నాను."

"ఎవర్ని?"

"నోంగ్ దులోని. రేడియోలో. తెర మీద బలాబాగ్ మొత్తం నల్లబడింది. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. సబ్‌స్టేషన్‌లో కనుక్కుని చెప్తా, అందాకా ఎక్కొద్దు నోంగ్ అన్నా."

"కనుక్కున్నావా?"

"ఫోన్ ఎవరూ ఎత్తలేదు. గుడ్ ఫ్రైడే కదండీ. కిందకెళ్ళి జీపు డ్రైవర్ని లేపి సబ్‌స్టేషన్‌కి పంపించా. పైకొచ్చేసరికి రేడియోలో అరుపులు."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. పన్నెండేమో."

"కుర్చీ వదిలిపెట్టి వెళ్ళిందన్న సంగతి గమనించండి," అన్నారు అటార్నీ వెలాయో, తన గోళ్ళను గమనిస్తూ. ఆయన మనీలా నుంచి వచ్చారు. యంత్రాన్ని అమ్మిన కంపెనీ తరఫున ఆయన కూడా సమాంతరంగా విచారణ జరుపుతున్నారు. శనివారం విమానం దిగి, ఆదివారం నాటికి నివేదిక పూర్తి చేశారు. సాక్ష్యాలు సేకరించడం మాత్రం సోమవారం మొదలుపెట్టారు. "లైన్ క్లియర్ ఒంటిగంటా ఇరవైకి నమోదైంది మేడమ్ గపాసిన్. దాని కింద ఆపరేటర్ పేరు ఎన్. పలోమారెస్. మీ దీవిలో ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారా?"

"మా అమ్మ ఉంది," అంది నోరీన్. "ఆవిడకి టీవీ పెట్టడం కూడా రాదు."

ఇక్కడ యంత్రరాజం గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. దాని పూర్తి నామధేయం అంతరాయ నిర్వహణ వ్యవస్థ. బిషప్ గారు తీర్థం చల్లగా, మేయరు గారు రిబ్బను కత్తిరించగా, మూడు పందులు నిప్పులపై బంగారు వర్ణం దాల్చి తమ వంతు త్యాగం చేయగా, గత నవంబరులో అది కంట్రోల్ రూమ్‌లో సింహాసనం అధిష్ఠించింది. చేసే పని చెబితే చాలా చిన్నది. ఇంట్లో కరెంటు పోయినవాడు సంఘానికి మెసేజ్ పెడతాడు. ఆ ఫోన్ నంబరు ఏ మీటరుదో యంత్రానికి ముందే తెలుసు; తెర మీద చూపించేది మీటరునే, నంబరును కాదు. ఒక్క మీటరు మొరపెడితే ఆ ఇంటి తీగ తెగిందనుకుంటుంది. ఇరుగుపొరుగు మీటర్లన్నీ ఒకేసారి మొరపెడితే ఆ ఊరి లైనే పోయిందని తీర్పు చెప్పి, తెర మీద ఎర్రగా మెరిసే ఆ గీతను నల్లగా మార్చేస్తుంది. నలుపంటే కరెంటు లేదని అర్థం. పూర్వం ఆరుగురు ఆపరేటర్లు ఫోన్లెత్తి, తిట్లు తిని, తలలు గోక్కుని కనుక్కునే విషయాన్ని ఇది ఊపిరి తీసుకోకుండా తేలుస్తుంది. అందుచేత ఆరుగురు ఇద్దరయ్యారు.

"శుక్రవారం బలాబాగ్ నుంచి ఎన్ని ఫిర్యాదులొచ్చాయి?" అంది సెవెరినా.

"నలభై ఒకటి మేడమ్. అన్నీ ఒకేసారి."

"నిన్న ఆ ఊళ్ళో తలుపు తలుపూ తట్టాను. ఒక్కడూ ఫిర్యాదు చేయలేదంట. ఎందుకు చేస్తాం, కరెంటు శుభ్రంగా ఉందిగా అంటున్నారు. నలభై ఒక్క మంది ఫిర్యాదుదారులు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నాకు తల తిరిగిపోతోంది."

"నాకు తిరగడం లేదు," అన్నారు అటార్నీ. "ఈవిడే వాటిని సృష్టించింది. యంత్రం వద్దని డిసెంబరులో ఆపరేటర్లు అర్జీ పెట్టారు, గుర్తుందా? మొదటి సంతకం ఈవిడది. యంత్రం పరువు తీయాలని దొంగ ఫిర్యాదులు ఎక్కించి, ఒక ఊరిని నల్లబరిచి, లైన్‌మన్‌ని అనవసరంగా పంపించింది. అతను తిరిగొచ్చి నవ్వుతాడనుకుంది. చస్తాడనుకోలేదు. పాపం."

ఆ 'పాపం'లో ఎంత మృదుత్వం ఉందంటే, నోరీన్‌కు లేచి ఆయన్ను కొట్టాలనిపించింది. కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిమీదే కూర్చోవాలన్నంత గట్టిగా బిగించుకుంది.

"అటార్నీ," అంది సెవెరినా, "మీ కథ బావుంది. అన్నీ అతుకుతున్నాయి. నాకదే నచ్చడంలేదు."

"అతకని కథ మీ దగ్గరేమన్నా ఉందా?"

"నా దగ్గర అసలు కథే లేదు. అందుకే బలాబాగ్ పోతున్నా. నువ్వు కూడా రా ఇందాయ్, రా అమ్మాయ్, దారిలో మాట్లాడుకుందాం."

"ఆమె సస్పెన్షన్‌లో ఉంది. సంఘం ఆస్తి ఏదీ ముట్టుకోకూడదు."

"ట్రైసికిల్ సంఘానిది కాదులెండి. మా మేనల్లుడిది."

*

ట్రైసికిల్, అంటే పక్కన బండి తగిలించిన మోటార్‌సైకిల్, గతుకుల్లో గెంతుతుంటే నోరీన్ కమ్మీని గట్టిగా పట్టుకుంది. తర్వాత, "మీకేమన్నా అర్థమైందా మేడమ్?" అంది.

"ముక్క కూడా అర్థం కాలేదు."

"మూడింటికి మీటింగు."

"తెలుసు. అర్థమైపోయిందనుకునేవాళ్ళు ఆఫీసులో కూర్చున్నారు, చూశావుగా. మనకింకా ఆ గతి పట్టలేదు. నీ కుర్చీలో ఇప్పుడెవరున్నారు?"

"కంపెనీ మనిషి. ఏదో ఇంజినీరంట. యంత్రాన్ని చూసిపోవడానికి గురువారమే దీవికొచ్చాడంట. నన్ను సస్పెండ్ చేశాక శనివారం పొద్దున కూర్చోబెట్టారు. మీటింగయ్యేదాకా ఆయనే నడుపుతాడంట, యంత్రం ఎంత బాగా పనిచేస్తుందో మండలివాళ్ళకి చూపించడానికి."

బలాబాగ్‌లో ప్రార్థనామందిరానికీ, బాస్కెట్‌బాల్ మైదానానికీ మధ్య నిలబడి ఉంది ఆ స్తంభం. శుక్రవారం కాలిపోయిన పింగాణీ దిమ్మెలు మార్చడానికి సంఘం ట్రక్కు ఉదయమే వచ్చింది. అందుకోసం ఊరి లైను ఆపేశారు. స్తంభం మొదట్లో కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా చూస్తున్నాడు ముఠా పెద్ద ఎమెతెరియో. శుక్రవారం నోంగ్ దులోతో వచ్చినవాడు అతనొక్కడే. నోరీన్‌ను చూసి లేచి నిలబడ్డాడు. ఏమనాలో తోచక టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

సెవెరినా స్తంభం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. అడ్డకర్ర మీద నల్లటి మచ్చ. కింద గడ్డిలో పగిలిన పింగాణీ పెంకులు. ట్రక్కులో పసుపుపచ్చటి పొడవాటి కర్ర ఒకటి. తీగలో కరెంటుందో లేదో దానితో తాకి చూస్తారు.

"శుక్రవారం ఇది ట్రక్కులోనే ఉందా?"

"ఉంది మేడమ్."

"వాడారా?"

ఎమెతెరియో కాఫీ పారబోశాడు. "లేదు."

"ఎందుకని? నియమం కాదా?"

"నియమమే. నాకూ తెలుసు, నోంగ్ దులోకీ తెలుసు." అతను ప్రార్థనామందిరం వైపు చూశాడు. "ముందు ఆగమన్నారు. ఆగాం. తర్వాత ట్యాబులో లైన్ క్లియర్ వచ్చింది. నోంగ్ దులో చూపించాడు నాకు. కర్ర తియ్యబోయా. ఉండు అన్నాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయన పద్ధతంతే. ఏ ఊరికెళ్ళినా ముందు వింటాడు. ఊళ్ళో కరెంటుంటే మీకు తెలుసుగా, మూల మూలకీ తెర చూసి పాడుకునే వీడియోకే పెట్టె, పొద్దున లేస్తే పాట, అర్ధరాత్రి దాకా పాట. గొంతులేని వాళ్ళే ఎక్కువ పాడతారు. పాట లేదంటే కరెంటు లేదని లెక్క. విన్నాడు. ఈగ వాలిన చప్పుడు లేదు. రేడియో లేదు. పాట లేదు. చచ్చిన ఊరు, ఇంకేం పరీక్ష తమ్ముడూ అన్నాడు. ఎక్కాడు."

"టైమెంత?"

"ఒంటిగంటన్నర లోపే."

సెవెరినా ఆ నిశ్శబ్దం ఎలాంటిదో ఊహించడానికి ప్రయత్నించింది. ఊహించనక్కర్లేదు. ఇప్పుడు కూడా ఊరు అలాగే ఉంది, కరెంటు లేదు కాబట్టి. శుక్రవారం మాత్రం కరెంటు ఉంది. ఒకే మౌనానికి రెండు కారణాలు. రెండోది ఆమెకు అప్పుడు తట్టింది.

"గుడ్ ఫ్రైడే," అంది. "పన్నెండు నుంచి మూడు."

ఎమెతెరియో తలూపాడు. శుక్రవారం నుంచి అతని నిద్ర పాడుచేస్తున్న సంగతి అదే. ఆ మూడు గంటలు దేవుడు శిలువ మీద వేలాడే సమయం. మా దీవిలో ఎవడూ పాడడు, రేడియో పెట్టడు, మేకు కొట్టడు, స్నానం కూడా చేయడు. పిల్లలు గట్టిగా నవ్వితే అమ్మమ్మలు తొడపాశం పెడతారు. సంవత్సరం మొత్తంలో, కరెంటు నిండుగా ఉండి కూడా ఊరు శవంలా పడి ఉండే వేళ అదొక్కటే. ముప్పై ఏళ్ళు తప్పని చెవి ఆ వేళ తప్పింది.

"ఆయన కూడా శుక్రవారం మాంసం ముట్టలేదు మేడమ్," అన్నాడు ఎమెతెరియో. "పన్నెండింటికి ట్రక్కులో రేడియో కట్టేసింది కూడా ఆయనే. మా రేడియో గుర్తుంది, ఊరి రేడియోలు గుర్తు రాలేదు. నాకూ రాలేదు."

తర్వాత అతను నడుముకి పట్టీ బిగించుకున్నాడు. "పై పని అయిపోయింది. కరెంటొచ్చినా నేలకి లాగేసే ఎర్తింగ్ గొలుసు కూడా తీసేశా. ఒక్క కట్టు వదులుగా ఉందనిపిస్తోంది, చూసి దిగిపోతా. పదకొండింటికల్లా లైను ఇస్తామని చెప్పాం, దాటిపోయింది."

*

స్తంభానికి ఎదురుగా ఉన్న కొట్టు నిన్న మూసి ఉంది. ఇవాళ తెరిచింది. షాంపూ పొట్లాల తోరణాల వెనుక మానాంగ్ సలూద్ కొలువుతీరి ఉంది. ఊరికి ఆమె బియ్యం, గుడ్లు, సబ్బులే కాక ఫోన్ల రీఛార్జ్ కూడా అమ్ముతుంది. మానాంగ్ అంటే అక్క. ఊరంతటికీ ఆమె అక్కే.

"కూర్చోండి మేడమ్. కూల్‌డ్రింక్ ఇద్దామంటే చల్లగా లేదు, కరెంటు తీసేశారుగా. వెచ్చటిది తాగుతారా?"

"వద్దులే మానాంగ్. నిన్న ఎక్కడున్నారు?"

"పుంతాలో. మా చెల్లెలిల్లు. బుధవారం వెళ్ళి ఇవాళే వచ్చా."

"శుక్రవారం గానీ కరెంటు పోయిందని సంఘానికి మెసేజ్ పెట్టారా?" అలవాటుగా అడిగింది సెవెరినా. నిన్న ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో ఆమెకే లెక్కలేదు.

"పెట్టా."

సెవెరినా, నోరీన్ ఒకరినొకరు చూసుకున్నారు. నలభై ఒక్క మూగ ఫిర్యాదుదారుల్లో ఎట్టకేలకు ఒకరికి నోరొచ్చింది.

"పెట్టకేం చేస్తా? మా చెల్లెలి అత్తగారు ఆయాసం మిషను మూతికి పెట్టుకునుంది. మిషను ఆగిపోయింది. ముసలావిడ నావంక చూస్తోంది, నేనేదో ఆపేసినట్టు. అక్కడ ఎవరి ఫోన్లోనూ డబ్బుల్లేవు, కొట్లన్నీ మూసేశారు. నా ఫోన్లో ఉంటే పెట్టా. 'ఇక్కడ కరెంటు లేదు, తొందరగా రండి' అని. ఎవరూ రాలేదు. సాయంత్రానికి దానంతటదే వచ్చింది."

"'ఇక్కడ' అంటే పుంతా కదా?"

"నేను పుంతాలో ఉంటే 'ఇక్కడ' అంటే పుంతా కాక మనీలా అవుతుందా?"

"ఎన్ని మెసేజ్‌లు పెట్టారు?"

"ఒక్కటే. అమ్ముకునేదాన్ని, వృథా ఎందుకు చేస్తా?"

"పుంతా వేరే లైను మేడమ్," అంది నోరీన్. ఆమె గొంతు ఆమెకే వినపడనంత చిన్నదైంది. "బలాబాగ్‌తో సంబంధమే లేదు. మానాంగ్, మీ నంబరు సంఘంలో ఏ మీటరుకిచ్చారు?"

"ఏ మీటరుకా?" సలూద్ గర్వంగా నవ్వింది. "అన్నిటికీ."

సెవెరినా, నోరీన్ ఇద్దరూ బల్ల మీదికి వంగారు.

"పోయినేడు సంఘం పిల్లలొచ్చారుగా ట్యాబులు పట్టుకుని. ప్రతి మీటరుకీ ఫోన్ నంబరు కావాలన్నారు. ఇక్కడ సగం మందికి ఫోనే లేదు. ఉన్నోళ్ళు నెలకో సిమ్ము మారుస్తారు. మిగతావాళ్ళకి నంబరిస్తే బిల్లు కోసం ఫోన్ చేస్తారని భయం. ఆ పిల్లలేమో నంబరు లేకపోతే తర్వాతి పేజీకి పోవడంలేదని ఏడుపు మొహం పెట్టారు. ఎండలో మాడిపోతున్నారు పాపం. సరే, నాదే రాసుకోండి, ఎవరికి ఏ కబురొచ్చినా నేను కేకేసి చెప్తాగా అన్నా. ఈ వీధి, వెనక వీధి, మందిరం పక్క. ఎంతమందంటారా, ఒక నలభై ఉంటారు."

"నలభై ఒకటి," అంది సెవెరినా.

"మా ఇంటిది వేసుకుంటే నలభై ఒకటే."

ఆ విధంగా మహాయంత్ర రహస్యం షాంపూ పొట్లాల నీడలో వెల్లడైంది. పుంతాలో మానాంగ్ సలూద్ బొటనవేలు ఒక్కసారి కదిలింది. బలాబాగ్‌లో నలభై ఒక్క మీటర్లు ఏకకంఠంతో ఆక్రోశించాయి. నిజంగా చీకటిపడ్డ పుంతా గురించి ఎవరికీ పట్టలేదు. వెలుతురులో ఉన్న బలాబాగ్‌కు ఉత్తరక్రియలు జరిగాయి. ఇంతకూ యంత్రం అబద్ధమాడలేదు, విన్నదే చెప్పింది. ఊరందరి నోరూ ఒకే మనిషి దగ్గర తాకట్టులో ఉంటుందని మనీలాలో దాన్ని కట్టినవాళ్ళకు తెలియదు.

నోరీన్ బల్ల మీద తల పెట్టేసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఈ మాట మూడింటికి మండలి ముందు చెప్తారా మానాంగ్?"

"చెప్తా. నేనేమన్నా తప్పు చేశానా?" సలూద్ ముఖం మెల్లగా మారింది. ఎదురుగా ఉన్న స్తంభం వైపు చూసింది. "మేడమ్. నేనేమన్నా తప్పు చేశానా?"

జవాబు చెప్పే అవసరం సెవెరినాకు తప్పించినది అటార్నీ వెలాయో గారి తెల్లటి కారు. కొట్టు ముందు ఆగగానే ఆయన దుమ్ము దులుపుకుంటూ దిగారు.

"అనుకున్నా. సస్పెండైన ఉద్యోగినిని ప్రమాదస్థలంలో సాక్షులతో మాట్లాడిస్తున్నారు. ఇది నా నివేదికలోకి ఎక్కుతుంది."

"ఎక్కించండి. దాంతోపాటు నలభై ఒక్క ఫిర్యాదులు చేసినావిడని కూడా ఎక్కించండి. ఈవిడే." సెవెరినా జరిగినదంతా నాలుగు మాటల్లో చెప్పింది.

అటార్నీ వెలాయో ఆసాంతం విన్నారు. ఆయన వృత్తిలో ఓటమికి కూడా ఒక భంగిమ ఉంటుంది. "మంచిది. తెర ఎందుకు నల్లబడిందో తేలింది. సంతోషం. అయితే తెర నల్లబడినంత మాత్రాన దులో చనిపోలేదు మేడమ్. లైన్ క్లియర్ వచ్చింది కాబట్టి ఎక్కాడు. అది యంత్రం ఇవ్వదు, మనిషే ఇవ్వాలి. ఇచ్చిన మనిషి పేరు మారలేదు. మీ కొట్టు కథ ఈమెను ఒక్క అంగుళం కూడా కదపలేదు."

అది నిజం. సెవెరినాకు ఇందాకటి కంటే ఎక్కువ అయోమయం కలిగింది. ఆగమన్న మనిషే పది నిమిషాల్లో ఎక్కమని ఎందుకంటుంది?

అంతలో మానాంగ్ సలూద్ ఫోను కూసింది. మళ్ళీ కూసింది. ఆగకుండా కూస్తూనే ఉంది, కోళ్ళగూట్లో పాము దూరినట్టు.

"ఇదొకటి," అని విసుక్కుంటూ ఆమె ఒక మీట నొక్కి ఫోను బోర్లించింది. "కరెంటు తీసినప్పుడల్లా, చెప్పిన టైము దాటగానే ఇంతే. 'మీ ఇంటికి కరెంటు వచ్చిందా? వస్తే ఒకటి, రాకపోతే రెండు' అని ఇంటికొకటి చొప్పున పంపుతారు. ఒకటి ఒక్కసారి నొక్కితే నోరు మూసుకుంటుంది."

"కరెంటు రాలేదు కదా మానాంగ్," అంది సెవెరినా.

"రెండు నొక్కితే ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడుగుతారు. మీటరుకో ఫోను. నలభై ఒక్కసార్లు ఎవరు మాట్లాడతారు? ఎలాగూ కాసేపట్లో వచ్చేదేగా."

నోరీన్ తలెత్తింది. "నొక్కేశారా?"

"నొక్కా."

కుర్చీ వెనక్కి పడింది. నోరీన్ అప్పటికే రోడ్డు మీద ఉంది.

"మేడమ్, ఊరంతటికీ కరెంటొచ్చిందని తెర మీద పడుతుంది. యంత్రం పని పూర్తయిందని చూపిస్తుంది, అది నమ్మి ఆ ఇంజినీరు లైను వేసేస్తాడు. నోంగ్ ఎమెతెరియోని దింపండి."

ట్రక్కు తలుపుకు అడ్డంగా అటార్నీ వెలాయో నిలబడ్డారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, నియమపాలకుడు. "సంఘం వాహనం, సంఘం రేడియో. ముట్టుకుంటే మూడింటికి నీ తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ మిగలడు. ఆలోచించుకో."

"మిగలక్కర్లేదు," అని ఆయన చంక కింద నుంచి దూరి రేడియో అందుకుంది నోరీన్.

సెవెరినా స్తంభం కింద నిలబడి, పెన్షన్ కాక పోలీసు శాఖ తనకిచ్చిన ఏకైక ఆస్తిని, తన గొంతును, పూర్తిగా వినియోగించింది. "ఎమెతెరియో, చేతులు తియ్. ఏదీ పట్టుకోకు."

పైన ఎమెతెరియో కారణం అడగలేదు. రెంచి వదిలేశాడు. రెండు చేతులూ గుండెకు హత్తుకుని, నడుము పట్టీ మీద వెనక్కి వాలిపోయాడు.

"కంట్రోల్, కంట్రోల్, బలాబాగ్ లైను వేయొద్దు. మనిషి పైనున్నాడు. వేయొద్దు."

రేడియో గరగరలాడింది. ఒక పురుషుని గొంతు, మనీలా యాసలో, తీరిగ్గా పలికింది. "బలాబాగ్ వాళ్ళు నలభై ఒక్కరూ కరెంటొచ్చిందని చెప్పేశారు. లైన్ క్లియర్ రద్దు చేశా. లైను వేసేశా."

ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది. ఎమెతెరియో ముఖానికి మూరెడు దూరంలో కొత్త పింగాణీ మీద సన్నగా చిటపటలు వినిపించి ఆగాయి. అతను కళ్ళు మూసుకుని, కాళ్ళతో మాత్రమే స్తంభాన్ని తడుముకుంటూ దిగడం మొదలుపెట్టాడు. కింద నేల తగిలాక కూడా చేతులు గుండెల మీంచి తీయలేదు. సెవెరినా వాటిని ఒక్కొక్కటిగా విడదీయవలసి వచ్చింది.

"ఎవరు మాట్లాడేది?" అంది రేడియో.

నోరీన్ రేడియో మీట నొక్కింది. గొంతు వణకలేదు. పదకొండేళ్ళ అలవాటు దాన్ని పట్టి నిలబెట్టింది. "ముందు మీరు చదవండి. లైన్ క్లియర్ రద్దు చేస్తే ఎవరి పేరు మీద చేశారో చదివి వినిపించాలి. రూలు."

"ఎవరి పేరంటే..." కాగితం కదిలిన చప్పుడు కాదు, మీటలు టకటకమన్నాయి. "ఆపరేటర్, ఎన్. పలోమారెస్. పదకొండూ ఇరవై ఆరు."

అటార్నీ వెలాయో నోరీన్ వైపు చూశారు. ఆమె బలాబాగ్‌లో, ఎండలో, ఆయన కళ్ళెదుట రేడియో పట్టుకుని నిలబడి ఉంది. తెర లెక్క ప్రకారం మాత్రం, పదకొండు కిలోమీటర్ల అవతల అదే నిమిషంలో ఆమె ఒక మనిషిని దాదాపు చంపేసింది.

సెవెరినా రేడియో అందుకుంది. "బాబూ, ఆ పేరు నీది కాదు కదా?"

"తెర ఆ పేరు మీదే తెరిచుంది మేడమ్. ఎవరూ మూయలేదు. నేను కొత్తగా చేసిందేం లేదు, శుక్రవారం మధ్యాహ్నం కూడా దీనిమీదే..."

గొంతు ఆగిపోయింది.

"శుక్రవారమా?" అంది సెవెరినా, మా దీవిలో ఎవరూ ఎన్నడూ వినని మృదుత్వంతో. "నిన్ను కూర్చోబెట్టింది శనివారం కదా?"

రేడియోలో గరగర కూడా ఆగింది. అవతల ఎవరో రేడియో కట్టేశారు.

మరుక్షణం అటార్నీ వెలాయో జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని బయటకు తీసి, వెలుగుతున్న పేరును చూసి, ఎత్తకుండా అలాగే పట్టుకున్నారు. ఆయన ముఖంలో మొదటిసారిగా నిజమైన అయోమయం కనిపించింది.

"అతనికి ఆ తెర మూసేయడానికి ఎంతసేపు పడుతుంది?" అంది సెవెరినా.

"ఒక్క మీట," అంది నోరీన్. "నా పేరు మీద తెర తెరిచే ఉందన్న రుజువు పోతుంది. ఆ తర్వాత శుక్రవారం నొక్కింది నేనే."

ఫోన్ మోగుతూనే ఉంది. నోరీన్ అటార్నీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. ఆయన చాలాసేపు, అంటే రెండు మోతల పాటు, ఆ చేతిని చూశారు. తర్వాత ఫోను అందులో పెట్టి, కారు తలుపు తీశారు.

"సర్, సర్, ఒక చిన్న ఇబ్బంది వచ్చింది," అంది ఫోనులో మనీలా గొంతు, ఇందాకటి తీరిక లేకుండా.

"నేను సర్‌ని కాదు," అంది నోరీన్ కారెక్కుతూ. "పలోమారెస్‌ని. చేతులు మీటల మీంచి తియ్యి. నేను వచ్చేదాకా నా కుర్చీలోంచి లేవకు."